మీకు తెలుసా? బెల్లోస్‌కు టై రాడ్లు ఎందుకు?

పంపు దగ్గర బిగించే రబ్బరు బెల్లోస్ అదురును, వేడికి పైపు సాగడాన్ని తట్టుకుంటుంది. కానీ లోపలి ఒత్తిడికి అదే సాగిపోబోతుంది. 200 మిల్లీమీటర్ల పైపులో 10 బార్ ఒత్తిడి ఉంటే ఆ తోపుడు 3 టన్నులకు పైమాటే! దాన్ని ఆపేవి ఫ్లాంజీలను కలిపే టై రాడ్లు, లేదా పైపును కదలనివ్వని యాంకర్లు. పనికి అడ్డమని రాడ్లు విప్పేయడం ప్రాణాలతో చెలగాటం.

ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరో రసాయన కర్మాగారంలో రెండు బెల్లోస్‌ల మధ్య తాత్కాలికంగా ఓ వంకర పైపు వేశారు. దానికి డ్రాయింగంటూ ఉన్నది వర్క్‌షాప్ నేల మీద సుద్దతో గీసిన బొమ్మే. కింద పరంజా ఉంది గానీ, తోపుడుకు పైపు మెలితిరగకుండా పట్టి ఉంచేది ఏదీ లేదు. 1974 జూన్ 1న అది తెగి, సైక్లోహెక్సేన్ ఆవిరి కమ్ముకుని పేలింది. 28 మంది చనిపోయారు.