నిండిన ప్రాజెక్టు, తడవని తండా

కోట్‌పల్లి ప్రాజెక్టు మత్తడి దూకిందంటే వికారాబాద్, తాండూరు వైపు అదో పెద్ద కబురు. అయితే ఆ నీళ్లు అందరికీ ఎందుకు అందవో తెలియాలంటే ముందు నేల వాలు చూడాలి.

అనంతగిరి కొండల్లో ఒకవైపు పడ్డ వాన మూసీ అయి హైదరాబాద్ వైపు సాగుతుంది. ఇంకోవైపు పడ్డది వాగులై కాగ్నాలో చేరి, తాండూరు దాటి కర్ణాటకలో భీమాను కలుస్తుంది. ఇలా పడమటికి పోయే నీళ్లను ఆపడానికే 1967లో కోట్‌పల్లి వాగు మీద ఈ ప్రాజెక్టు కట్టారు. 9,200 ఎకరాలు తడపాలన్నది లక్ష్యం.

ఇందులో మూడు భాగాలు ముఖ్యం. కట్ట నీటిని ఆపుతుంది. తూము కాలువకు వదులుతుంది. మత్తడి మిగులు నీటిని పంపేసి కట్టను కాపాడుతుంది. తూము మట్టం కంటే కింద నిలిచిన నీరు కాలువకెక్కదు. వాన కోసుకొచ్చిన మట్టి పూడికగా చేరేకొద్దీ నీళ్లు పట్టే చోటు తగ్గుతుంది. ఏడాది పొడవునా నిలిచే నీటిలో మీటరుకు మించిన మందాన్ని ఎండ, గాలి తీసుకుపోతాయి. ఎకరం పొలంలో అంగుళం నీరు నిలవడానికే సుమారు లక్ష లీటర్లు కావాలి. కాలువకు గండ్లు పడి, లైనింగ్ పగిలితే ఆ లక్షలన్నీ దారిలోనే ఇంకిపోతాయి. ప్రాజెక్టు నిండుగా ఉన్నా చివరి రైతు మడి ఎండేది అందుకే.

తండాలది ఇంకో చిక్కు. చాలా లంబాడీ తండాలు అడవి అంచున, మిట్టల మీద ఉన్నాయి. కాలువ నీరు పల్లానికే పారుతుంది. తండా ఎగువన ఉంటే జలాశయం ఎంత దగ్గరున్నా పొలం తడవదు. ఎత్తిపోయాలంటే మోటారు, కరెంటు, ఏటేటా నిర్వహణ ఖర్చు కావాలి. అందుకే మిట్ట మీద వాన పడ్డచోటే నీటిని ఆపాలి. ఒర్రెలకు చెక్‌డ్యాములు, చిన్న కుంటలు కడితే బోర్లలో ఊట పెరుగుతుంది, పశువులకు తాగునీరు దొరుకుతుంది, బెట్ట పట్టినప్పుడు కందికి ఒక తడి ఇవ్వొచ్చు. దిగువ ప్రాజెక్టులో పూడిక కూడా తగ్గుతుంది.

అడవి భూమి అయితే కుదరదని చాలామంది అనుకుంటారు. 2006 అటవీ హక్కుల చట్టంలోని సెక్షన్ 3(2) దీనికి దారి చూపింది. ఒక్కో పనికి హెక్టారులోపు అటవీ భూమిలో ప్రభుత్వం చెరువులు, వాననీటి నిల్వ కట్టడాలు చేపట్టవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకూడదు. గ్రామసభ సిఫార్సు తప్పనిసరి.

2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. ఇప్పుడు తీర్మానం చేయాల్సింది తండావాసులే. ఈ ఎండాకాలం గ్రామసభలో రెండు కోరికలు రాయించండి: దిగువన కాలువల మరమ్మతు, ఎగువన కుంట. ఒకటి చేసి రెండోది వదిలేస్తే నీటి పంపకంలో న్యాయం సగమే జరిగినట్టు.