బెల్ట్ దిగి రోడ్డెక్కా!

జిమ్‌లో ట్రెడ్‌మిల్‌ మీద 5 కిలోమీటర్లు ఈజీగా లాగించేదాన్ని. బయట పరిగెత్తాలంటే మాత్రం భయం. ఎవరైనా చూసి నవ్వుతారేమో, ఆయాసపడితే పరువు పోతుందేమో, కుక్కలు వెంటపడతాయేమో... ఇలాగే ఆర్నెల్లు వాయిదా వేశా.

చివరికి ఓ ఆదివారం పొద్దున్నే హైదరాబాద్‌ నెక్లెస్‌ రోడ్‌కి వెళ్లా. హుస్సేన్‌సాగర్‌ పక్కన రోడ్డు చదునుగా ఉంటుందని ధైర్యం. తీరా చూస్తే 600 మీటర్లకే ఊపిరి అందలేదు. ఏడుపొచ్చేసింది. ఇంక మళ్లీ జిమ్మే అనుకున్నా.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే అర్థమైంది. ట్రెడ్‌మిల్‌ మీద స్పీడ్‌ సంగతి మెషీనే చూసుకుంటుంది. 8 నొక్కితే 8 దాటదు. బయట ఆ పని మనదే. జనం చూస్తున్నారన్న కంగారులో నేను తెలియకుండానే స్పీడ్‌ పెంచేశా. దానికి ఎదురుగాలి తోడు.

తర్వాతి వారం పద్ధతి మార్చా. నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. పరిగెడుతూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే స్పీడ్‌ సరిపోయినట్టు. మాట తెగుతుంటే తగ్గించాలి. కుక్క కనబడితే పరుగాపి మెల్లగా నడిచేదాన్ని. బండ్ల చప్పుడు వినబడాలి కదా, అందుకే ఇయర్‌ఫోన్‌ ఒక చెవికే.

మరి నవ్వే జనం? ఒక్కరూ కనబడలేదు. వాకింగ్‌కొచ్చిన ఓ పెద్దాయన మాత్రం, ‘‘మెల్లగా పరిగెత్తమ్మా, సాగర్‌ ఎక్కడికీ పోదు’’ అన్నారు.

రెండు నెలలకి ఆగకుండా 3 కిలోమీటర్లు పరిగెత్తా. వానొస్తే ఇప్పటికీ ట్రెడ్‌మిల్లే దిక్కు. ఈ ఆదివారం వాన పడకపోతే మాత్రం 4 కొట్టాల్సిందే!