రేవులో ఎనిమిది గంటలు: ఓడవారి టూరా, సొంత దారా?

క్రూయిజ్ ఓడ సాధారణంగా తెల్లవారేసరికి రేవు చేరి సాయంత్రం బయలుదేరుతుంది. మధ్యలో ప్రయాణికుడికి దొరికేది ఎనిమిది నుంచి పది గంటలు. ఓడ దిగడానికి పట్టే సమయం, తిరిగి ముందుగా చేరుకోవలసిన సమయం తీసేస్తే ఊరు చూడటానికి మిగిలేది ఆరేడు గంటలే. ఆ సమయాన్ని రెండు రకాలుగా గడపవచ్చు. ఓడ కంపెనీ అమ్మే టూరు టికెట్టు కొని బస్సెక్కడం ఒకటి. వీటినే షోర్ ఎక్స్‌కర్షన్లు అంటారు. నడిచో, రైలెక్కో, టాక్సీ మాట్లాడుకునో సొంతంగా తిరిగి రావడం రెండోది. ఏది మేలన్న ప్రశ్నకు అన్ని రేవులకూ సరిపోయే జవాబు లేదు. చూడదలచిన చోటు ఓడకు ఎంత దూరం, అక్కడి నుంచి తిరిగి రావడానికి ఎన్ని దారులున్నాయి అన్న రెండు లెక్కలే చాలావరకు దాన్ని తేలుస్తాయి.

ఓడవారి టూరులో ఏముంటుంది?

షోర్ ఎక్స్‌కర్షన్‌ను అమ్మేది ఓడ కంపెనీ. నడిపేది మాత్రం సాధారణంగా ఆ ఊరి ట్రావెల్ సంస్థ. ఉదయం ప్రయాణికులు ఓడలోని థియేటర్ వంటి ఒక చోట చేరతారు. బస్సు నంబరున్న స్టిక్కరు చొక్కాకు అంటించుకుని, రేవులో బారులు తీరిన బస్సుల్లో తమ నంబరు బస్సెక్కుతారు. ఆ తర్వాత సాయంత్రం దాకా దారి వెతుక్కునే పని ఉండదు. ప్రవేశ టికెట్లు ముందే కొని ఉంటారు. గైడు మాటలు వినడానికి చాలాచోట్ల చెవికి చిన్న రేడియో ఇస్తారు.

ఈ టూరుకున్న అసలు విలువ గైడులోనో బస్సులోనో లేదు, తిరుగు ప్రయాణం బాధ్యతలో ఉంది. టూరు బస్సు ట్రాఫిక్‌లో చిక్కుకుని ఆలస్యమైతే ఓడ దాని కోసం ఆగుతుంది. ఆగలేని పరిస్థితి వస్తే ఆ ప్రయాణికులను తర్వాతి రేవుకు చేర్చే ఖర్చును కంపెనీలు సాధారణంగా తామే భరిస్తాయి. వాతావరణం బాగాలేక ఓడ ఆ రేవులో ఆగకుండా వెళ్లిపోతే టూరు డబ్బు వెనక్కి వస్తుంది. బయట కొన్న టూరుకు ఆ హామీ ఉండవచ్చు, లేకపోవచ్చు. షరతులు చదివి చూసుకోవలసిందే.

దీనికి చెల్లించే మూల్యం రెండు రూపాల్లో ఉంటుంది. మొదటిది డబ్బు. ఓడవారి టూరు ధర తలకి ఇంత అని ఉంటుంది, బయట టాక్సీకి బండికి ఇంత అని ఉంటుంది. ఒక్కరే వెళ్లేటప్పుడు ఈ తేడా అంతగా తెలియదు. నలుగురున్న కుటుంబం నాలుగు టికెట్లు కొనేచోట ఒకే టాక్సీ సరిపోతుంది కాబట్టి లెక్క తలకిందులవుతుంది. రెండోది సమయం. నలభై మంది గుంపు దాని అతి నెమ్మదైన సభ్యుడి నడకతోనే సాగుతుంది. నచ్చిన చోట అరగంట ఎక్కువ నిలబడే వీలుండదు, నచ్చని దుకాణం ముందు బస్సాపితే తప్పించుకునే వీలూ ఉండదు. శాకాహారులు టూరులో భాగంగా పెట్టే భోజనం గురించి ముందే చెప్పి ఉంచుకోవాలి.

దూరమే మొదటి కొలత

కొన్ని రేవుల్లో ఓడ దిగితే ఊరిలోనే దిగినట్టు. మాంటెనిగ్రోలోని కోటర్‌లో రేవుకు ఎదురుగానే పాత నగరం కోట గోడ కనిపిస్తుంది. మాల్టా రాజధాని వలెట్టాలో రేవు దగ్గరి నుంచి కొండమీది నగరానికి లిఫ్టు ఉంది. మలేషియాలోని పెనాంగ్‌లో స్వెటెన్‌హామ్ పియర్ నుంచి కార్న్‌వాలిస్ కోట, లిటిల్ ఇండియా, 1833లో కట్టిన మహామారియమ్మన్ గుడి అన్నీ నడిచి చూడగలిగిన దూరంలోనే ఉన్నాయి. సింగపూర్ నుంచి బయలుదేరే ఓడలు తరచుగా ఆగే ఈ రేవులో నగరం చూడటానికే అయితే బస్సు టూరు కొనడం అనవసర ఖర్చు.

మరికొన్ని రేవులకు పక్కనే మెట్రో ఉంటుంది. ఏథెన్స్ రేవు పిరేయస్ నగరం నడిబొడ్డుకు సుమారు 10 కిలోమీటర్లు. ఆకుపచ్చ మెట్రో లైను చాలాకాలంగా ఉండగా, 2022లో నీలం లైను కూడా పిరేయస్ దాకా వచ్చింది. రెండూ పాత నగరంలోని మొనాస్టిరాకి స్టేషన్ మీదుగా వెళ్తాయి. ఒకటి ఆగినా ఇంకొకటుంది, రెండూ ఆగినా టాక్సీ ఉంది. తిరుగు దారులు ఇన్ని ఉన్నప్పుడు సొంతంగా వెళ్లడంలో భయపడాల్సింది తక్కువ.

ఇక కొన్నిచోట్ల రేవు పేరు ఒకటి, జనం చూడటానికి వెళ్లే నగరం ఇంకొకటి. పారిస్ అని బ్రోషర్‌లో ఉంటే ఓడ ఆగేది సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని లె హావ్ర్‌లో. బెర్లిన్ అంటే బాల్టిక్ తీరంలోని వార్నెమ్యూండె, అక్కడి నుంచి రైలులో రెండున్నర గంటలకు పైమాటే. ఇలాంటి చోట్ల రోజులో సగం రోడ్డు మీదే గడుస్తుంది. ఒక్క రైలు రద్దయితే ఓడ తప్పిపోయే ప్రమాదం ఉంటుంది. ఓడవారి టూరు ధర ఎక్కువే అయినా ఇక్కడ అది బీమా రుసుములాంటిది.

ఇదే కొలతను విశాఖపట్నానికీ అన్వయించి చూడవచ్చు. 2023లో అక్కడ అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఓడ దిగిన విదేశీయుడు ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి మ్యూజియాన్ని ఆటోలో వెళ్లి చూసి రాగలడు. సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, ఘాట్ రోడ్డు ఎక్కి వెళ్లవలసిన బొర్రా గుహల సంగతి వేరు. ఒకే రేవు, రెండు వేర్వేరు జవాబులు.

రోమ్ ఉదాహరణ

దగ్గరా దూరమా అని తేల్చలేని రేవు చివిటావెక్కియా. రెండో శతాబ్దం ఆరంభంలో ట్రాజన్ చక్రవర్తి కట్టించిన ఈ రేవు నేడు రోమ్‌కు క్రూయిజ్ ద్వారం. నగరానికి దూరం సుమారు 70 కిలోమీటర్లు. బస్సులో వెళ్తే ట్రాఫిక్‌ను బట్టి ఒక వైపు గంటన్నర పడుతుంది.

సొంతంగా వెళ్లేవారు ముందు ఓడ దగ్గరి నుంచి షటిల్ బస్సులో లార్గో దెల్లా పాచె అనే చోటికి చేరతారు. అక్కడి నుంచి రైల్వే స్టేషన్‌కు వేరే బస్సో, నడకో. ప్రాంతీయ రైలు గంటకు అటూ ఇటూగా రోమ్ చేరుస్తుంది. వాటికన్ చూడాలనుకునేవారు చివరిదాకా వెళ్లకుండా ముందొచ్చే శాన్ పియెత్రో స్టేషన్‌లో దిగితే సెయింట్ పీటర్స్ బసిలికాకు నడిచి వెళ్లవచ్చు. కాగితం టికెట్టును రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. చేతిలో టికెట్టున్నా ముద్ర లేకపోతే జరిమానా తప్పదు.

రైలు ఖర్చు టూరు ధరలో చిన్న వంతే. అయితే ఇటలీలో రైల్వే సమ్మెలు అరుదు కాదు. సమ్మె రోజున పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా ప్రాంతీయ రైళ్లలో కనీస సేవలు ఉండాలన్నది అక్కడి నియమం. ఉదయం వెళ్లడానికి అది పనికొస్తుంది. సాయంత్రం ఏడింటికి ఓడ బయలుదేరేవారికి మాత్రం ఆరు తర్వాతి రైలు ఉన్నా లేనట్టే. అందుకే సమ్మె ప్రకటన ఉందేమో ముందురోజే చూసుకోవాలి. కొలోసియానికీ, వాటికన్ మ్యూజియాలకూ ఫలానా సమయానికని టికెట్టు ముందే తీసుకోవాలి. వాటికన్ మ్యూజియాలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాల్లో మూసి ఉంటాయి.

ఓడవారి టూరుకూ సొంత దారికీ మధ్య ఇంకో పద్ధతి కూడా ఉంది. ఓడ కంపెనీలే గైడు లేకుండా బస్సు మాత్రం అమ్ముతాయి. బస్సు రోమ్‌లో దించి, చెప్పిన గంటకు మళ్లీ ఎక్కించుకుంటుంది. ఓడవారి బస్సు కాబట్టి తిరుగు ప్రయాణానికి హామీ ఉంటుంది, నగరంలో తిరగడానికి స్వేచ్ఛా ఉంటుంది.

లంగరు వేసే రేవులు

ఓడ ఒడ్డుకు ఆనుకోలేని చోట కాస్త దూరంగా నీళ్లలోనే లంగరు వేసి, చిన్న పడవల్లో జనాన్ని దించుతారు. వీటిని టెండర్లంటారు. మొదటి టెండర్లు సాధారణంగా టూరు కొన్నవారికే. మిగతావారు నంబరు చీటీ తీసుకుని తమ వంతు కోసం ఆగాలి. రోజు చిన్నదైతే ఈ తేడా బాగా తెలుస్తుంది.

గ్రీసులోని శాంతోరిని ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. సొంతంగా వెళ్లేవారు కొండ కిందనున్న పాత రేవులో దిగుతారు. పైనున్న ఫిరా పట్నానికి కేబుల్ కారు, గాడిదలు, 588 మెట్లు అన్న మూడే దారులు. టూరు కొన్నవారిని చాలావరకు అథినియోస్ రేవులో దించి బస్సులో పైకి తీసుకువెళ్తారు. అయితే ఆ టూర్లలో ఎక్కువ ఫిరాలోనే ముగుస్తాయి. కిందికి దిగేటప్పుడు టూరు కొన్నవారూ కొననివారూ అదే కేబుల్ కారు వరుసలో నిలబడాలి. వేసవిలో నాలుగైదు ఓడలు ఒకేసారి వచ్చిన రోజున ఆ వరుస గంటకు పైగా సాగుతుంది. టూరు ఎక్కడ మొదలవుతుందో కాదు, ఎక్కడ ముగుస్తుందో చూసి కొనాలనడానికి శాంతోరిని సాక్ష్యం.

ఓడ గడియారం

ప్రయాణికుడు పాటించవలసింది ఓడ సమయాన్ని. అది ప్రతిచోటా స్థానిక సమయంతో కలవదు. మెక్సికోలోని కొజుమెల్ ద్వీపం ఉన్న కింతానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయాన్ని పాటిస్తోంది. వేసవిలో అమెరికా తూర్పు తీరంలో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. మయామి నుంచి వచ్చిన ఓడ తన మయామి సమయాన్నే కొనసాగిస్తే కొజుమెల్ కన్నా గంట ముందుంటుంది. సెల్‌ఫోన్ తనంతట తానే స్థానిక సమయానికి మారిపోతుంది. ఫోన్‌నే నమ్ముకున్నవారు నాలుగైందనుకునే వేళకు ఓడలో ఐదవుతుంది. చేతి గడియారాన్ని ఓడ సమయానికి పెట్టుకోవడమే దీనికి మందు.

సొంతంగా వెళ్లినవారి కోసం ఓడ ఆగదు. రేవు రుసుములు, పైలట్ సమయం, ఆటుపోట్లు, తర్వాతి రేవులో బెర్తు అన్నీ ముందే ఖరారై ఉంటాయి. 2024 మార్చిలో ఆఫ్రికా పశ్చిమాన ఉన్న సావో టోమే ద్వీపంలో బయటి టూరుకు వెళ్లిన ఎనిమిది మంది ఆలస్యంగా రావడంతో ఓడ వారిని వదిలి వెళ్లిపోయింది. వారిలో కొందరు పలు దేశాలు దాటి చివరకు సెనెగల్ రాజధాని డకార్‌లో దాన్ని అందుకోగలిగారు.

ఓడ తప్పిపోతే తర్వాతి రేవుకు వెళ్లే విమానం, హోటలు, కావలసిన వీసా అన్నీ ప్రయాణికుడి సొంత ఖర్చు. అందుకే పాస్‌పోర్టు నకలు, క్రెడిట్ కార్డు, మందులు వెంట ఉంచుకోవాలి. ఓడవారు ఇచ్చే దినచర్య కాగితంలో ఆ రేవు ఏజెంటు ఫోన్ నంబరు ఉంటుంది. దిగే ముందు దాన్ని ఫోటో తీసుకోవడం మంచిది. దూర ప్రయాణమైతే ఓడ ఎక్కవలసిన ఆఖరి సమయానికి రెండు గంటల ముందే రేవులో ఉండేలా వేసుకున్న పథకమే పథకం.

హామీకి ఉన్న హద్దు

ఓడవారి టూరు అంటే ఓడ తప్పదన్న హామీ, ప్రమాదం జరగదన్న హామీ కాదు. 2019 డిసెంబర్ 9న న్యూజిలాండ్‌లోని వకారి ద్వీపంలో అగ్నిపర్వతం పేలినప్పుడు ద్వీపం మీద 47 మంది ఉన్నారు. వారిలో 22 మంది చనిపోయారు. బాధితుల్లో ఎక్కువ మంది క్రూయిజ్ ఓడ నుంచి టూరు మీద వచ్చినవారే. టూరు నడిపేవారు స్వతంత్ర కాంట్రాక్టర్లని ఓడ కంపెనీల టికెట్టు షరతుల్లో తరచుగా ఉంటుంది. జిప్‌లైన్, డైవింగ్, హెలికాప్టర్, అగ్నిపర్వతం వంటివి ఎవరి దగ్గర కొన్నా, ప్రయాణ బీమా వాటికి వర్తిస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి.

వీసా కూడా తేల్చే విషయమే

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి దిగాలా వద్దా అన్నది కొన్నిచోట్ల వీసాయే నిర్ణయిస్తుంది. గ్రీసులో బయలుదేరి టర్కీలోని కుషదాసిలో ఆగి మళ్లీ గ్రీసు వచ్చే ఓడకు పలుమార్లు ప్రవేశించగల షెంగెన్ వీసా కావాలి. కొన్ని దేశాలు ఓడ ప్రయాణికులను వీసా లేకుండా దిగనిస్తాయి, అయితే టూరు కొనాలన్న షరతు పెడతాయి. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు క్రూయిజ్‌లు వెళ్లే రోజుల్లో, గుర్తింపు పొందిన సంస్థ టూరు మీద దిగేవారికి 72 గంటల దాకా వీసా అక్కర్లేకపోయేది. సొంతంగా తిరగాలనుకునేవారికి వీసా తప్పనిసరిగా ఉండేది. ఆ సంస్థ ఓడ కంపెనీయే కానక్కర్లేకపోయేది. అందుకే అక్కడి స్థానిక టూర్లు చిన్న గుంపులతో బాగా నడిచాయి.

అలాంటి స్థానిక టూర్లు నేడు చాలా రేవుల్లో ఉన్నాయి. ఎనిమిది, పది మందికి ఒక వ్యాను, ఒక గైడు. కుషదాసి నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని ఎఫెసస్ శిథిలాలు చూడటానికి ఇది హాయైన పద్ధతి. సమయానికి ఓడ చేరుస్తామని వీటిలో చాలామంది మాటిస్తారు. చేర్చలేకపోతే తర్వాతి రేవు దాకా ఖర్చు పెట్టుకుంటారా అన్నది రాతపూర్వకంగా చూసుకోవాలి.

అన్నీ కలిపి చూస్తే లెక్క సులువే. నడిచి చూడగలిగిన ఊరికీ, మెట్రో ఉన్న ఊరికీ సొంతంగా వెళ్లడమే మేలు. ఇరవై, ముప్ఫై కిలోమీటర్లలోపు ఉన్న చోటికి నలుగురు కలిసి టాక్సీ గానీ స్థానిక వ్యాను గానీ మాట్లాడుకోవచ్చు. గంటకు మించిన దూరానికీ, తిరుగు దారి ఒక్కటే ఉన్న చోటికీ, వీసా షరతులున్న దేశానికీ, పెద్దవారు వెంట ఉన్నప్పుడూ ఓడవారి టూరుకు పెట్టే డబ్బు వృథా కాదు. వారం రోజుల ప్రయాణంలో ఐదు రేవులుంటే ఐదింటికీ ఒకే పద్ధతి పట్టుకోనక్కర్లేదు. టికెట్టు కొనే ముందు ఒక్కో రేవునూ మ్యాపులో తెరిచి, ఓడ ఆగే చోటికీ చూడదలచిన చోటికీ మధ్య దూరం కొలుచుకోవాలి.