డొమైన్ పేరు ఎంపిక

అంతర్జాలంలో వెబ్‌సైటుకు చిరునామాగా ఉండే పేరును డొమైన్ పేరు అంటారు. సెర్చి ఇంజనులో జనం వెతికే పదాలనే యథాతథంగా పేరుగా పెట్టుకొనే పద్ధతి ఒకప్పుడు విస్తృతంగా ఉండేది. అటువంటి సైటులో సారం తక్కువైనా ఫలితాలలో పైస్థానం దక్కేది.

గూగుల్ మార్పు

నాణ్యత లేని ఇటువంటి సైటులను వెనుకకు నెట్టే మార్పును 2012 సెప్టెంబరు 28న గూగుల్ ఇంజనీరు మాట్ కట్స్ ప్రకటించాడు. అమెరికాలోని ఆంగ్ల శోధనలలో 0.6 శాతంపై దీని ప్రభావం కనబడుతుందని తెలిపాడు. కావున పదాల కోసమే పేరు కొనడం వృథా.

గమనించవలసినవి

* పేరు చిన్నదిగా, పలుకుటకు, గుర్తుంచుకొనుటకు సులువుగా ఉండాలి.
* పదాల మధ్య హైఫన్ వాడవచ్చు, అండర్‌స్కోరు చెల్లదు.
* .ఇన్ వంటి దేశసూచికలు సైటు ఏ దేశస్థులకు ఉద్దేశించినదో సూచిస్తాయి.
* పేరు మార్చినచో పాత చిరునామా నుండి శాశ్వత మళ్ళింపు ఏర్పరచాలి. లేనిచో పాత లంకెల వలన వచ్చిన గుర్తింపు పోతుంది.