పలక మీది పరభాష

మార్కాపురం అనగానే ఒకప్పుడు తెలుగువారికి గుర్తుకు వచ్చేది పలక. పట్టణం చుట్టుపక్కల గనులలో పొరలు పొరలుగా దొరికే రాతిని చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రంలో బిగించి పంపిన పలకల మీద కొన్ని తరాల పిల్లలు ఓనమాలు దిద్దారు. ఆ పలకలు ఇతర రాష్ట్రాలకూ, విదేశాలకూ వెళ్ళాయి. నోటు పుస్తకాలు, రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన తరువాత ఆ వ్యాపారం సన్నగిల్లింది; అదే రాయి ఇప్పుడు గోడలకూ నేలకూ అలంకారమై పోతున్నది. ఏ దేశపు బిడ్డ ఏ లిపిని దిద్దినా కాదనని పలకను లోకానికి ఇచ్చిన ఈ ప్రాంతంలో, ఒక పరభాషను నేర్చుకోవడం మాత్రం ఉన్నత పాఠశాల విద్యార్థికి నేటికీ కొరుకుడుపడని వ్యవహారంగానే మిగిలింది. ఆ భాష ఇంగ్లీషు.

ఇంగ్లీషును విదేశీ భాష అనవచ్చునా అన్న ప్రశ్న ఇక్కడ రాక మానదు. 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల భాషా సంస్థ ఏర్పడింది. 1972లో అందులో ఇతర భాషలు కూడా చేరినప్పుడు దాని పేరు ‘ఆంగ్ల, విదేశీ భాషల కేంద్ర సంస్థ’గా మారింది. 2007లో అది విశ్వవిద్యాలయమైనప్పుడు కూడ ఆ రెండు మాటలూ పక్కపక్కనే నిలిచాయి. అంటే పేరులోనే ఇంగ్లీషు ఒక పక్క, విదేశీ భాషలు మరొక పక్క. ప్రభుత్వ వ్యవహారంలో ఇంగ్లీషు పరాయిది కాదు. కాని భాషాబోధన శాస్త్రం మరొక కొలబద్దను చూపుతుంది. బడి బయట కూడ వినిపించే భాష ద్వితీయ భాష. బడి గంట మోగగానే మాయమయ్యే భాష విదేశీ భాష. ఈ కొలత ప్రకారం హైదరాబాదు బాలునికి ఇంగ్లీషు ద్వితీయ భాష కావచ్చును గాని, గిద్దలూరు సమీప గ్రామంలోని బాలికకు అది నిజంగా విదేశీ భాషయే. చట్టం ఏమన్నప్పటికీ, పరాయితనాన్ని నిర్ణయించేది చెవి.

ఈ సీమ పిల్లలకు భాషలు కొత్త కావు. 1970లో ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి; అందువల్ల ఇక్కడి తెలుగులో కోస్తా పలుకుబడి, రాయలసీమ యాస కలిసి ప్రవహిస్తాయి. కంభం వీధులలో ఉర్దూ వినబడుతుంది. తండాలలో లంబాడీ మాట్లాడుతారు. నల్లమల గూడేలలోని చెంచుల మాటతీరు వేరు. వానలు మొగం చాటేసిన ఏడు వలసవెళ్ళిన తల్లిదండ్రుల వెంట బెంగళూరుకో హైదరాబాదుకో పోయిన పిల్లలు కొద్ది నెలలలోనే కన్నడమో, హిందీయో నాలుక మీదికి తెచ్చుకొని తిరిగివస్తారు. తండా బిడ్డకైతే ఒకటవ తరగతిలోని తెలుగే పరభాష. ఇంగ్లీషు దాని తరువాతి మెట్టు. ఇన్ని భాషల నడుమ పెరిగే పిల్లలకు భాషలు నేర్చే శక్తి లేదనడం సత్యదూరం. వీధిలో ఒక భాషను ఏ వ్యాకరణమూ లేకుండా పట్టుకొన్న బాలుడు, బడిలో మరొక భాషను అయిదారేళ్ళు చదివి కూడ నోరు మెదపలేకపోవడమే ఆలోచింపదగిన విషయం.

కారణం తరగతి గదిలోనే ఉన్నది. ఉపాధ్యాయుడు పాఠాన్ని ఒక్కొక్క వాక్యమే చదివి తెలుగులో అర్థం చెబుతాడు. ప్రశ్నలకు జవాబులు నల్లబల్ల మీద వ్రాస్తాడు, లేదా గైడులో గుర్తు పెట్టిస్తాడు. విద్యార్థులు వాటిని కంఠస్థం చేస్తారు. నలభై అయిదు నిమిషాల పీరియడులో నలభైమంది పిల్లలు సమానంగా మాట్లాడినా ఒక్కొక్కరి వంతుకు వచ్చేది నిమిషం చిల్లర. అందులోనూ అధికభాగం ఉపాధ్యాయుని గొంతే వినబడుతుంది. ఈ తప్పును ఉపాధ్యాయుల నెత్తిన రుద్దడం న్యాయం కాదు. వారూ ఇదే విధంగా నేర్చుకొన్నవారే. పరీక్ష కోరేదీ ఇదే. అయితే దాని మూల్యాన్ని చెల్లించేది విద్యార్థి. పదవ తరగతిలో ఇంగ్లీషులో తొంభై మార్కులు తెచ్చుకొన్నవాడు ఇంజనీరింగు కళాశాలలో అడుగుపెట్టి, అధ్యాపకుడు అడిగిన చిన్న ప్రశ్నకు జవాబు తెలిసి కూడ తలవంచుకొని నిలబడవలసి వస్తున్నది. తెలివి లేనివాడన్న ముద్ర అప్పుడే పడుతుంది. చాలామంది ఆ ముద్రను నిజమని నమ్మడం అంతకంటె పెద్ద నష్టం.

అనువాదం మీద, వ్యాకరణ సూత్రాల మీద ఆధారపడిన ఈ పద్ధతి మన దేశంలో పుట్టినది కాదు. ఐరోపాలో లాటిన్, గ్రీకు వంటి ప్రాచీన భాషలను నేర్పిన తీరునే జీవద్భాషలకూ వర్తింపజేయగా ఏర్పడిన అలవాటు ఇది. మాట్లాడేవారు లేని భాషకు చెవితో పని లేదు. మాట్లాడేవారు ఉన్న భాషకు చెవియే మొదటి ద్వారం. 1882లో జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ ఫియెటర్ భాషాబోధన తలక్రిందులు కావాలని ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. మొదట ధ్వని, తరువాత మాట, ఆ తరువాతనే వ్రాత అన్న సంస్కరణోద్యమం ఆ కాలంలో బలపడింది. దాని నుండి ‘ప్రత్యక్ష పద్ధతి’ ప్రచారంలోకి వచ్చింది.

ఈ ఉద్యమపు అల ఒకటి ఆంధ్రదేశాన్ని తాకి ఊహించని ఫలితాన్ని ఇచ్చింది. 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారులలో పాఠశాలల పర్యవేక్షకుడుగా ఉన్న జె.ఎ. యేట్స్ ప్రత్యక్ష పద్ధతిని అభిమానించినవాడు. తెలుగు నేర్చుకోబోయిన ఆయనకు పుస్తకాలలోని తెలుగు ఒకటి, జనం నోటి తెలుగు మరొకటిగా కనిపించాయి. ఇంత తేడా ఎందుకని ఆయన వేసిన ప్రశ్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి వంటివారిని కదిలించింది. వ్యావహారిక భాషోద్యమం అక్కడినుండి ఊపందుకొన్నది. గిడుగుకు ఈ ప్రశ్న అంత లోతుగా తగలడానికి కారణం లేకపోలేదు. ఆయన అప్పటికే సవర భాషను, ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట ఉంచుకొని, విని నేర్చుకొన్నవాడు. సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు వ్రాసి బడులు పెట్టినవాడు. నేడు విద్యార్థులు వాడుకకు దగ్గరైన తెలుగులో పాఠాలు చదువుకోగలగడం వెనుక, పరభాషను ఎట్లా నేర్పాలన్న చర్చ కూడ ఉన్నదన్నమాట.

ఇంగ్లీషు బోధన విషయంలో భారతదేశం ఇతరుల పద్ధతులను అరువు తెచ్చుకోవడమే కాదు, కొత్తవి కూడ కనుగొన్నది. 1920ల నాటికి ఢాకాలో పనిచేస్తున్న మైఖేల్ వెస్ట్ బెంగాలీ పిల్లలకు అన్నిటికంటె ఎక్కువగా ఉపకరించేది చదివి గ్రహించే శక్తియేనని భావించి, పరిమిత పదాలతో తేలిక వాచకాలు తయారుచేశాడు. 1950లలో మద్రాసు రాష్ట్రంలో వాక్యనిర్మాణాలను వరుసక్రమంలో వల్లింపజేసే పద్ధతి వచ్చింది. ఇది పుస్తకం, అది బల్ల అంటూ తరగతులన్నీ హోరెత్తాయి గాని, చూస్తూనే ఉన్న పుస్తకాన్ని పుస్తకమని ఎవరికి చెప్పాలో పిల్లలకు తెలియలేదు. 1979 నుండి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు దక్షిణాది పాఠశాలలలో నడిపిన ప్రయోగం ఇందుకు భిన్నమైనది. అది బెంగళూరు ప్రయోగంగా ప్రసిద్ధికెక్కింది. ఆయన వ్యాకరణాన్ని పాఠంగా చెప్పలేదు. పిల్లల ముందు పటాలు, రైళ్ళ కాలపట్టికలు వంటివి పెట్టి వాటి ఆధారంగా చిక్కుముడులు విప్పమన్నాడు. మనసు అర్థం మీద లగ్నమైనప్పుడు భాష తనంతట తాను అమరుతుందని ఆయన విశ్వాసం.

ఇటువంటి పనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. గుంటూరు–నంద్యాల రైలు మార్గంలో మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు స్టేషన్లు వరుసగా వస్తాయి. ఆ మార్గపు కాలపట్టికను నల్లబల్ల మీద వ్రాసి, మార్కాపురం రోడ్డులో రైలెక్కి, గిద్దలూరులో రెండు గంటల పని చూసుకొని, చీకటిపడేలోగా కంభం చేరాలంటే ఏ బండ్లు పట్టుకోవాలో ఇంగ్లీషులో తేల్చమంటే చాలు. ఊళ్ళు తెలిసినవి, ప్రశ్న నిజమైనది. తప్పు మాట్లాడినవాడు బండి తప్పిపోతాడు. అంతకుమించిన శిక్ష ఏదీ ఉండదు.

తెలుగును గది బయటికి నెట్టి ఇంగ్లీషు నేర్పాలన్న పట్టుదల కూడ పొరపాటే. తెలుగులో క్రియ సాధారణంగా చివర వస్తుంది, ఇంగ్లీషులో నడుమ వస్తుంది. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది కనుకనే బస్ బస్సయింది, పెన్ పెన్నయింది. వ్రాసినట్టు పలికే లిపికి అలవాటుపడిన పిల్లలకు ‘బట్’, ‘పుట్’ మాటలలో ఒకే అక్షరం రెండు తీర్లుగా పలకడం అన్యాయంగానే తోస్తుంది. మరొక పక్క, మనం, మేము అని రెండుగా చెప్పుకొనేదానికి ఇంగ్లీషులో ‘వియ్’ ఒక్కటే గతి; ఎదుటివాడిని కలుపుకొన్నామో లేదో ఆ మాట చెప్పదు. ఇట్లా తన భాషను పక్కన పెట్టి పోల్చుకొన్న విద్యార్థికి రెండు భాషల గుట్టూ తెలుస్తుంది.

రాష్ట్రంలో చర్చ మాత్రం ఎక్కువగా మాధ్యమం చుట్టూ తిరిగింది. 2019 నవంబరులో ప్రాథమిక తరగతుల నుండి ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 1658లో కొమేనియస్ బొమ్మల పుస్తకంలో లాటిన్, జర్మన్ భాషలను పక్కపక్కనే నిలిపిన ఉపాయమే ఇది, మంచి ఉపాయమే. కాని భౌతికశాస్త్రాన్ని ఇంగ్లీషులో చెప్పినంతమాత్రాన ఇంగ్లీషు నేర్పినట్లు కాదు. అర్థం కాని భాషలో చెప్పిన పాఠం వలన విద్యార్థికి అటు శాస్త్రమూ అందదు, ఇటు భాషా అబ్బదు.

2020 జాతీయ విద్యావిధానం కొరియన్, జపనీస్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ మొదలైన భాషలను సెకండరీ దశలో నేర్చుకొనే అవకాశం ఉండాలన్నది. ఈ సీమలోని సర్కారు బడికి ఆ మాట ఇంకా దూరపు కొండ. నగరాల కళాశాలలలో ఫ్రెంచిని, సంస్కృతాన్ని ఎంచుకొనేవారిలో కూడ పలువురు భాష మీద ప్రేమతో గాక మార్కుల మీద ఆశతో చేరుతున్నారన్నది బహిరంగ రహస్యమే. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు వ్రాతపరీక్ష. అందులో చెవికి గాని, నోటికి గాని ఒక్క మార్కు కూడ లేదు. తండ్రి చేతి ఫోనులో ఇంగ్లీషు గొంతులు గిద్దలూరు పల్లెలకు కూడ చేరుతున్న ఈ రోజులలోనూ, ఆ ఫోను బడి గుమ్మం దాటి లోపలికి రావడానికి అనుమతి లేదు.