రెండిళ్ల పిల్లులను జత కలిపే ముందు కాగితం రాసుకోండి

అడవిపొలం (యానాం): మన యానాంలో పర్షియన్ పిల్లుల్ని ముచ్చటపడి పెంచుకునే ఇళ్లు ఉన్నాయి. ఆడపిల్లి ఒకరింట్లో ఉంటుంది, గండుపిల్లి మరొకరింట్లో ఉంటుంది. క్రాసింగ్ చేయించాలంటే రెండిళ్లవారికీ మాట కుదరాలి. ఆ మాట నోటితో అనుకుని వదిలేస్తే కూనలు పుట్టాక తగవులొస్తున్నాయి. అలాంటివి ఒకటి రెండు మన సంఘం గడప దాకా కూడా వచ్చాయి. ఇరుగుపొరుగు వాళ్లు పిల్లి కోసం మాటలు మానుకోవడం బాగుండదు. అందుకే తెలుసుకోవలసిన సంగతులు వరసగా చెబుతున్నాను. వైద్యం విషయంలో మాత్రం పశువైద్యుడి మాటే వినాలి.

ఎప్పుడు కలపాలి?

ఆడపిల్లి సాధారణంగా ఆరేడు నెలలకే ఎదకు వస్తుంది. పర్షియన్ జాతికి ఏడాది దాకా పట్టొచ్చు. ఎదకు వచ్చింది కదా అని మొదటిసారే కలపకూడదు. ఏడాది నిండి, ఒళ్లు కుదురుకున్నాక కలపడం మంచిది. ఎదలో ఉన్న పిల్లి నేల మీద దొర్లుతుంది, అదేపనిగా అరుస్తుంది, వీపు నిమిరితే తోక పక్కకు పెడుతుంది. ఇది సుమారు వారం ఉంటుంది. జత కలవకపోతే రెండు మూడు వారాల్లో మళ్లీ రావచ్చు. కాబట్టి తొందర అక్కర్లేదు.

చూలు 63 నుంచి 67 రోజులు. మే నెలలో కలిపితే జూలైలో ఈనుతుంది. గోదావరికి వరద వచ్చే కాలం అదే. 2022 జూలైలో వరద నీళ్లు యానాం వీధుల్లోకి వచ్చిన సంగతి మనకు గుర్తే. పల్లపు ఇళ్లవారు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

ఏ పరీక్షలు చేయించాలి?

ఫెలైన్ ల్యూకేమియా, ఎఫ్‌ఐవి అని రెండు వైరస్ జబ్బులున్నాయి. జత కట్టేటప్పుడు గండుపిల్లి ఆడపిల్లి మెడను పళ్లతో పట్టుకుంటుంది. కాటు వల్ల రెండు జబ్బులూ అంటుకోవచ్చు. ల్యూకేమియా అయితే లాలాజలంతోనే అంటుకుంటుంది. వీటిని పూర్తిగా నయం చేసే మందు లేదు. కొద్దిపాటి రక్తంతో చేసే కిట్ పరీక్షతో తెలుస్తాయి. రెండు పిల్లులకూ చేయించాలి.

తామర ఉందేమో కూడా చూపించాలి. అది మనుషులకు, ముఖ్యంగా ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది. టీకాలు, నులిపురుగుల మందు ముందే పూర్తి చేయాలి. చూలుతో ఉన్న పిల్లికి కొన్ని టీకాలు వేయకూడదు.

పర్షియన్లలో వంశపారంపర్యంగా వచ్చే పీకేడీ అనే మూత్రపిండాల జబ్బు ఉంది. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఉన్నా కూనల్లో సగటున సగానికి వస్తుంది. దీనికి జన్యు పరీక్ష ఉంది.

పిల్లులకూ రక్తం గ్రూపులుంటాయి. తల్లిది బి గ్రూపు, తండ్రిది ఏ గ్రూపు అయితే, ఏ గ్రూపుతో పుట్టిన కూనలు ముర్రుపాలు తాగి మొదటి రోజుల్లోనే చనిపోయే ప్రమాదం ఉంది. దిష్టి తగిలిందనుకునే చావుల్లో ఇదీ ఒక కారణం కావచ్చు.

పుదుచ్చేరి పశువైద్య కళాశాల మనకు 800 కిలోమీటర్లకు పైగా దూరం. కాబట్టి ముందు యానాం పశువుల ఆసుపత్రిలో చూపించి, అక్కడ కాని పరీక్షలకు కాకినాడ వెళ్లడం దగ్గర దారి.

ఎవరింట్లో కలపాలి?

ఆడపిల్లినే గండుపిల్లి ఇంటికి తీసుకెళ్లాలి. కొత్త చోట గండుపిల్లి బెదిరి జత కట్టకపోవచ్చు. ముందు జాలీ అడ్డుపెట్టి ఒకదాని వాసన ఒకదానికి అలవాటు చేయాలి. జత కట్టాక ఆడపిల్లి గట్టిగా అరిచి పంజా విసురుతుంది. అది సహజమే. గండుపిల్లి ఎక్కి తప్పించుకోవడానికి ఒక బల్ల ఉంచితే చాలు, మనం చేయి పెట్టకూడదు. పిల్లిలో జత కలిశాకే అండం విడుదలవుతుంది. ఒక్కసారి కలిస్తే చాలకపోవచ్చు. అందుకే రెండు మూడు రోజులు అక్కడే ఉంచుతారు.

తిరిగొచ్చాక ఎద పూర్తిగా తగ్గేదాకా తలుపులు వేసే ఉంచాలి. ఆ రోజుల్లో వీధి గండుపిల్లి కూడా కలిస్తే ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల కూనలు పుడతాయి. కూన రంగు చూసి ‘ఇది మా పిల్లి సంతానం కాదు’ అనే గొడవ చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

కాగితంలో ఏం రాయాలి?

నలభై వాక్యాలు అక్కర్లేదు. ఒక తెల్ల కాగితం చాలు. కలిపిన తేదీలు, పరీక్షల ఫలితాలు రాయాలి. గండుపిల్లి వారికి డబ్బు ఇస్తారా, కూన ఇస్తారా? కూన అయితే మొదట ఎంచుకునేది ఎవరు? ఒక్క కూనే పుడితే ఎవరిది? చూలు నిలవకపోతే ఇంకోసారి ఉచితంగా కలుపుతారా? పర్షియన్ల తల పెద్దది, ముక్కు చప్పిడి. కాన్పు కష్టమై ఆపరేషన్ పడితే ఖర్చు ఎవరిది? నొప్పులు గట్టిగా వస్తూ అరగంట దాటినా కూన బయటికి రాకపోతే వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలని కూడా రాసుకోండి. అప్పుడు ఫోన్లలో వాదించుకునే సమయం ఉండదు.

కూనలను 12 వారాల దాకా తల్లి దగ్గర ఉంచడం మేలు. ఎవరూ తీసుకోని కూనల్ని ఎవరు పెంచాలో ముందే తేల్చుకోండి. తిండీ నీళ్లూ దొరక్క బాధపడే చోట జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

ఒక్క ఈతైనా ఈనితేనే ఆడపిల్లి ఆరోగ్యంగా ఉంటుందన్న మాటకు ఆధారం లేదు. కూనలకు ఇళ్లు చూపలేమనుకుంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడమే మంచిది.

రెండు నకళ్లు తీసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, చెరొకటి దాచుకోండి. నమూనా కాగితం కావలసినవారు సాయంత్రం పూట సంఘం గదికి వస్తే రాసి ఇస్తాను.