మీకు తెలుసా? స్టాంపు కేటలాగులో ధర ఎలా పడుతుంది

బ్రిటన్‌లో స్టాన్లీ గిబ్బన్స్ సంస్థ తన తొలి స్టాంపుల ధరల పట్టికను 1865లో వేసింది. నేటికీ ఆ కేటలాగులో కనిపించేది సంస్థ తాను అమ్మే ధరే, మన దగ్గర కొనే ధర కాదు. అమెరికాలోని స్కాట్ కేటలాగు మాత్రం మార్కెట్ తీరు చూసి అంచనా కడుతుంది.

ఒక్కో స్టాంపుకు రెండు ధరలుంటాయి: వాడనిదానికి ఒకటి, వాడినదానికి ఒకటి. మామూలుగా వాడనిదే ఖరీదు. కానీ 1923లో జర్మనీలో ధరలు గంటగంటకూ పెరిగి, వేసిన స్టాంపులు వాడకముందే పనికిరాకుండా పోయాయి. అందుకే వాటిలో చాలావాటికి నిజమైన తపాలా ముద్ర పడినదే ఎక్కువ పలుకుతుంది. దొంగ ముద్రలూ ఎక్కువే కాబట్టి నిపుణుల ధ్రువీకరణ తప్పనిసరి.

ఒకేసారి విడుదలైన స్టాంపుల సెట్ ధర సంగతికి మన గాంధీ స్టాంపులను మించిన ఉదాహరణ లేదు. 1948 ఆగస్టు 15న నాలుగు వచ్చాయి: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు. సెట్ విలువంతా దాదాపు ఆ పది రూపాయలదే. అప్పట్లో అంత పెట్టి కొన్నవారెందరు! గవర్నర్ జనరల్ వాడకానికి ‘సర్వీస్’ అని అదనంగా అచ్చేసినవైతే మరీ అరుదు. 2017లో అలాంటి పది రూపాయల స్టాంపులు నాలుగు వరుసగా కలిసి ఉన్న పట్టీ 5 లక్షల పౌండ్లకు అమ్ముడైంది.

అతి చవక స్టాంపుకూ కేటలాగులో ఒక కనీస ధర ఉంటుంది. అది స్టాంపు విలువ కాదు, వర్తకుడు దాన్ని వెతికి తీసి ఇచ్చే శ్రమ ఖరీదు.